పాత ఎఫ్‌టీ-101ఈలో 10 మీటర్లు పూర్తిగా, ఆపైన 12, 30, 17 మీటర్లు: క్రిస్టల్ లెక్క, ట్యూనింగ్, జాగ్రత్తలు

ప్రశ్న సారాంశం: హనుమకొండలో కొత్తగా హ్యామ్ (ఔత్సాహిక) రేడియో లైసెన్స్ వచ్చిన వారి దగ్గర యాసు కంపెనీ పాత వాల్వు సెట్ ఎఫ్‌టీ-101ఈ (పంపడానికీ, వినడానికీ పనికొచ్చే ట్రాన్స్‌సీవర్) ఉంది. 80, 40, 20, 15 మీటర్లు బాగున్నాయి. 10 మీటర్ల బ్యాండ్ స్విచ్ మీద 10ఏ నుంచి 10డీ దాకా నాలుగు ముక్కలుగా ఉంటుంది, వాటిలో 10బీ ఒక్కటే సరిగ్గా పలుకుతోంది. 10సీ నీరసంగా ఉంది, 10ఏలో క్రిస్టల్ ఉన్నా చప్పుడు లేదు, 10డీలో క్రిస్టలే లేదు. 28.0 నుంచి 29.7 మెగాహెర్ట్జ్ దాకా మొత్తం కావాలి, వీలైతే 12, 17, 30 మీటర్లు కూడా. క్రిస్టల్స్ ఎక్కడా దొరకడం లేదు. ఏం చేయాలి?

సమాధానం:

ముందు ఒక మాట. ఈ తరం సెట్లలో క్రిస్టల్ వేస్తే సగం పనే అయినట్టు. ఏ ఫ్రీక్వెన్సీ మీదైనా సెట్ పూర్తిగా పనిచేయాలంటే మూడు చోట్ల కుదరాలి: బ్యాండ్ క్రిస్టల్ ఆసిలేటర్, ప్రీసెలెక్టర్‌తో (కావలసిన బ్యాండ్‌ను ఏరే నాబ్) కదిలే ట్యూన్డ్ సర్క్యూట్లు, చివర ఫైనల్ వాల్వుల పై-ట్యాంక్ (గ్రీకు అక్షరం π ఆకారంలో ఉండే అవుట్‌పుట్ సర్క్యూట్). 10 మీటర్ల నాలుగు ముక్కలకూ చివరి రెండూ ఇప్పటికే సెట్లో ఉన్నాయి కాబట్టి అది తేలిక. 12 మీటర్లకు దాదాపు ఉన్నాయి. 30 మీటర్లకు రిసీవ్ వరకు ఉన్నాయి. 17 మీటర్లకు లేవు, అక్కడే అసలు కష్టం. పనిని ఆ వరుసలోనే పెట్టుకోండి.

లెక్క ఇది. ఎఫ్‌టీ-101లో వీఎఫ్‌ఓ (డయల్‌తో తిరిగే ఆసిలేటర్) 8.7 నుంచి 9.2 మెగాహెర్ట్జ్ వరకు తిరుగుతుంది. రెండో ఐఎఫ్ (సెట్ లోపలి మధ్యంతర ఫ్రీక్వెన్సీ) 3.18 మెగాహెర్ట్జ్. వీఎఫ్‌ఓలోంచి 3.18 తీసేస్తే మొదటి ఐఎఫ్ వస్తుంది, అంటే 5.52 నుంచి 6.02 వరకు. బ్యాండ్ క్రిస్టల్‌లోంచి ఆ మొదటి ఐఎఫ్ తీసేస్తే మీరు వినే ఫ్రీక్వెన్సీ. అందువల్ల ఏ 500 కిలోహెర్ట్జ్ ముక్క కావాలన్నా దాని కింది అంచుకు 6.02 కలిపితే చాలు. 20 మీటర్లకు 14.0 + 6.02 = 20.02. 15 మీటర్లకు 27.02. 10 మీటర్లకు వరుసగా:

10ఏ, 28.0–28.5: 34.02 మెగాహెర్ట్జ్
10బీ, 28.5–29.0: 34.52
10సీ, 29.0–29.5: 35.02
10డీ, 29.5 నుంచి పైకి: 35.52

వీఎఫ్‌ఓ పైకి పోతే మీరు వినే ఫ్రీక్వెన్సీ కిందికి వస్తుంది. 9.2 దగ్గర 28.0, 8.7 దగ్గర 28.5. తర్వాత డిజిటల్ డయల్ ఏదైనా తగిలించాలనుకుంటే ఈ తిరగబడిన లెక్క గుర్తుండాలి.

ఇతర పాత సెట్లకూ పద్ధతి ఇదే, కలిపే అంకె మారుతుంది. హీత్‌కిట్ ఎస్‌బీ-101, 102ల్లో వీఎఫ్‌ఓ 5.0–5.5, ఐఎఫ్ 3.395 కాబట్టి కింది అంచుకు 8.895 కలపాలి, 28.0కి 36.895 వస్తుంది. కాలిన్స్ ఎస్-లైన్‌లో ముక్క 200 కిలోహెర్ట్జే, కలిపేది 3.155. ఆ మొత్తం 12 మెగాహెర్ట్జ్ దాటితే క్రిస్టల్ అందులో సగం విలువది ఉంటుంది, సర్క్యూట్ రెండింతలు చేసుకుంటుంది, 28.0–28.2కి 15.5775. ఇక్కణ్నుంచి మీ 101ఈ గురించే రాస్తాను.

కొనే ముందు తేల్చుకోవాల్సినవి

10ఏలో క్రిస్టల్ ఉండీ చప్పుడు లేదంటున్నారు. అది క్రిస్టల్ చచ్చిపోవడం కావచ్చు, బ్యాండ్ స్విచ్ కాంటాక్ట్ నల్లబడటం కావచ్చు, ఆసిలేటర్ కాయిల్ సర్దుబాటు తప్పడం కావచ్చు. మూడింటికీ లక్షణం ఒకటే, మందు వేరు. కాబట్టి ఊహించి డబ్బు పెట్టొద్దు.

మొదట స్విచ్. సెట్ ఆపి, ప్లగ్ తీసి, హెచ్‌టీ (హై టెన్షన్) కెపాసిటర్లు ఖాళీ అయ్యాయని మీటర్‌తో చూసుకున్నాకే చేయి పెట్టండి. ఫైనల్ ప్లేట్ల మీద దాదాపు 600 వోల్టుల డీసీ ఉంటుంది. స్విచ్ ఆపిన తర్వాత కూడా కొంతసేపు నిలిచి ఉంటుంది, బ్లీడర్ రెసిస్టర్ తెగిపోయి ఉంటే చాలాసేపే ఉంటుంది. కాంటాక్ట్ క్లీనర్‌ను స్విచ్ మీద ధారగా కొట్టొద్దు. ఇయర్ బడ్ మీద కొద్దిగా తీసుకుని ఒక్కో వేఫర్ (స్విచ్ పలక) కాంటాక్టుకు అద్ది, స్విచ్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి పది పదిహేను సార్లు తిప్పండి. తుప్పు వదిలించడానికి వాడే నూనె స్ప్రేలు ఇక్కడ పనికిరావు. వేఫర్ మీద జిడ్డు పొర నిలిచి దుమ్ము పడుతుంది. మన దగ్గర ఎండాకాలం దుమ్ము, వెంటనే వానాకాలం తేమ. ఏళ్ల తరబడి అటక మీద పడున్న సెట్‌కు ఈ ఒక్క పనితోనే పోయిన బ్యాండ్ తిరిగి రావడం మామూలు. క్రిస్టల్ కాళ్లు, సాకెట్లు కూడా అలాగే తుడవండి.

తర్వాత మార్పిడి పరీక్ష. బాగా పలికే 10బీ క్రిస్టల్ తీసి 10ఏ స్థానంలో పెట్టండి. ఇప్పుడు బ్యాండ్ స్విచ్ 10ఏ మీద ఉన్నా సెట్ 28.5–29.0 వింటుంది. వినిపిస్తే స్విచ్, వైరింగ్ బాగున్నట్టే, లోపం ఆ 34.02 క్రిస్టల్‌దే లేదా కాయిల్ సర్దుబాటుదే. వినిపించకపోతే లోపం స్విచ్ దారిలో ఉంది. అదే క్రిస్టల్‌ను 10డీలో కూడా పెట్టి చూస్తే ఆ దారి కూడా తేలిపోతుంది. క్రిస్టల్స్ సాకెట్లో కాకుండా టంకం పెట్టి ఉంటే ఓపిగ్గా టంకం పీల్చి తీయండి. కాళ్లు లాగితే లోపలి పలక చిట్లుతుంది.

ఆసిలేటర్ అసలు నడుస్తోందా లేదా చూడటానికి చవకైన ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కు తగిలించే చిన్న రిసీవర్) చాలు. అవి దాదాపు 24 మెగాహెర్ట్జ్ నుంచి పైకి పనిచేస్తాయి, మనకు కావలసిన 34, 35 మెగాహెర్ట్జ్‌లు అందులోనే ఉన్నాయి. డాంగిల్ యాంటెన్నాకు బదులు అరమీటరు వైరు పెట్టి దాన్ని సెట్ క్రిస్టల్ బోర్డు దగ్గరికి తీసుకెళ్లండి, దేనికీ తగిలించనక్కరలేదు. బ్యాండ్ స్విచ్‌ను 10బీ మీద పెడితే 34.52 దగ్గర నిటారుగా గీత కనిపించాలి. 10ఏకి మార్చగానే 34.02 దగ్గర గీత రావాలి. రాకపోతే ఆసిలేటర్ ఆగిపోయినట్టు. గీత ఉండి కూడా రిసీవర్ చెవిటిగా ఉంటే లోపం ప్రీసెలెక్టర్ వైపు వెతకాలి.

మీ 10సీ నీరసం చూస్తే నాకు ఎక్కువ అనుమానం కాయిల్ మీదే. 34, 35 మెగాహెర్ట్జ్ క్రిస్టల్స్ థర్డ్ ఓవర్‌టోన్ రకం, అంటే పలక అసలు కంపించే ఫ్రీక్వెన్సీకి మూడింతల దగ్గర దాన్ని నడిపిస్తారు. అలా నడవాలంటే ఆసిలేటర్ ట్యూన్డ్ సర్క్యూట్ సరిగ్గా ఉండాలి. కోర్ తిప్పుతూ పోతే అవుట్‌పుట్ ఒకవైపు మెల్లగా పెరుగుతుంది, శిఖరం దాటగానే రెండో వైపు ఒక్కసారిగా ఆగిపోతుంది. కోర్‌ను శిఖరం మీద వదిలేస్తే ఈ రోజు నడుస్తుంది, రేపు సెట్ చల్లగా ఉన్నప్పుడు మొదలవదు. మెల్లగా పెరిగే వైపు, శిఖరానికి పది శాతం తక్కువలో వదలాలి. 34.02 నుంచి 35.52 దాకా నాలుగూ ఒకే సర్దుబాటులో నడవాలి కాబట్టి ఒక్క 10బీ మీదే గరిష్ఠం చేసి వదిలేసిన సెట్‌లో అంచులు పడిపోతాయి. మీ స్కీమాటిక్‌లో 10 మీటర్ల ఆసిలేటర్ కాయిల్ ఏదో చూసుకుని, మొదట కోర్ స్థానాన్ని పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఆ తర్వాత పావు చుట్టు చొప్పున తిప్పుతూ ఉన్న క్రిస్టల్స్ అన్నిటినీ ఒక్కొక్కటిగా పరీక్షించండి. ప్రతిసారీ సెట్ ఆపి, నిమిషం ఆగి, మళ్లీ ఆన్ చేసినప్పుడు కూడా మొదలవుతోందా చూడాలి. కోర్ తిప్పడానికి ప్లాస్టిక్ అలైన్‌మెంట్ టూలే వాడండి. ఇనప స్క్రూడ్రైవర్ విలువనూ మారుస్తుంది, కోర్‌నూ పగలగొడుతుంది.

ఆసిలేటర్ నాలుగింటిలోనూ నిలబడ్డాక ప్రీసెలెక్టర్. సెట్లో ఉన్న క్యాలిబ్రేటర్ ఆన్ చేసి 100 కిలోహెర్ట్జ్ మార్కర్‌ను (గుర్తు సిగ్నల్) ఒక్కో ముక్క మధ్యలో వినండి. ప్రీసెలెక్టర్ తిప్పితే ప్రతి ముక్కలోనూ స్పష్టమైన శిఖరం రావాలి, అది నాబ్ చివర గుద్దుకునే చోట కాకుండా లోపలే రావాలి. 10డీ శిఖరం చివరికి పోయి దొరకకపోతే 10 మీటర్ల ట్రిమ్మర్లను 28.8 ప్రాంతంలో మళ్లీ సర్ది, 28.1 దగ్గర, 29.6 దగ్గర సరిచూడండి. ఒక అంచు బాగుచేస్తే రెండోది కొంత తగ్గడం సహజం. రెండు వైపులా ఎస్-మీటర్ తేడా ఒక యూనిట్ లోపు ఉంటే చాలు.

క్రిస్టల్ దొరకకపోతే

ఆర్డర్ ఇస్తే చేసిచ్చేవాళ్లు తగ్గిపోయారు. చాలామంది హ్యామ్‌లు ఆధారపడిన అమెరికా ఇంటర్నేషనల్ క్రిస్టల్ కంపెనీ 2017లో మూతపడింది. ఎవరైనా చేసిస్తామంటే నాలుగు విషయాలు రాసి ఇవ్వండి: ఖచ్చితమైన ఫ్రీక్వెన్సీ, థర్డ్ ఓవర్‌టోన్ అని, పాత క్రిస్టల్ డబ్బా కొలత, కాళ్ల మధ్య దూరం. ఓవర్‌టోన్ అని చెప్పకపోతే వచ్చేది మీ సర్క్యూట్లో మొదలవకపోవచ్చు.

నా ఓటు మాత్రం ఎస్‌ఐ5351 (కోరిన ఫ్రీక్వెన్సీని పుట్టించే చిప్) బోర్డుకే. మన హైదరాబాద్‌కే చెందిన అశ్‌హర్ ఫర్హాన్ రూపొందించిన బిట్‌ఎక్స్40 సెట్‌లో వీఎఫ్‌ఓ పని చేసింది ఈ చిప్పే, ఆర్డుయినో నానో అనే చిన్న మైక్రోకంట్రోలర్‌తో కలిపి. ఆ బోర్డు పేరు రాడుయినో. అదే జంట మన పాత సెట్‌కు అన్ని క్రిస్టల్స్ బదులూ పనిచేస్తుంది. విడి భాగాలు హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీలో వెతకొచ్చు, లేదంటే ఆన్‌లైన్. వరంగల్‌లో రెసిస్టర్లు, కెపాసిటర్లకు ఇబ్బంది ఉండదు.

పనిచేసే క్రిస్టల్స్‌ను అలాగే ఉంచండి. లేని స్థానాలకే కొత్త బోర్డు వాడండి. సెట్ అసలు రూపం చెడదు, బోర్డు పాడైనా మిగతా బ్యాండ్లు నడుస్తాయి.

కలిపే విధానం ఇదీ. ముందు ఆర్‌ఎఫ్ ప్రోబ్ ఒకటి చేసుకోండి: ప్రోబ్ మొన నుంచి 1 నానోఫారడ్ సిరామిక్ కెపాసిటర్, దాని అవతలి కాలి నుంచి చాసిస్‌కు ఓఏ79 లేదా 1ఎన్34ఏ జర్మేనియం డయోడ్, అదే చోటి నుంచి 4.7 మెగాఓమ్ రెసిస్టర్ ద్వారా డిజిటల్ మీటర్. దాంతో 10బీ స్థానంలో అసలు క్రిస్టల్ నడుస్తుండగా ఆసిలేటర్ అవుట్‌పుట్ వోల్టేజీ కొలిచి రాసుకోండి. కొత్త బోర్డుతో మీరు అందుకోవాల్సిన అంకె అదే. ఎక్కువ ఇస్తే మిక్సర్ నలిగి, లేని సిగ్నళ్లు పుట్టుకొస్తాయి. తక్కువైతే రిసీవర్ చెవిటిదవుతుంది, ట్రాన్స్‌మిట్ డ్రైవ్ పడిపోతుంది.

ఎస్‌ఐ5351 ఇచ్చేది చదరపు తరంగం, హార్మోనిక్‌లు నిండా ఉంటాయి. అవుట్‌పుట్‌కు మొదట ఒక లో-పాస్ ఫిల్టర్: భూమికి 82 పికోఫారడ్, వరుసలో టీ37-6 టొరాయిడ్ మీద 12 చుట్లు (దాదాపు 0.43 మైక్రోహెన్రీ), మళ్లీ భూమికి 82 పికోఫారడ్. తర్వాత 100–68–100 ఓమ్‌ల రెసిస్టర్లతో π ఆకారపు ప్యాడ్, అది సుమారు 10 డెసిబెల్ తగ్గిస్తుంది. ఆ తర్వాత 10 నానోఫారడ్ కెపాసిటర్ ద్వారా ఖాళీ క్రిస్టల్ స్థానంలో ట్రాన్సిస్టర్ బేస్ వైపు వెళ్లే పిన్‌కు. అక్కడ ట్రాన్సిస్టర్ ఆసిలేటర్‌గా కాక యాంప్లిఫయర్‌గా పనిచేస్తుంది, దాని ట్యూన్డ్ సర్క్యూట్ మిగిలిన హార్మోనిక్‌లను తుడిచేస్తుంది. ప్రోబ్ అంకె చూస్తూ ప్యాడ్‌ను మార్చండి. 101కు రకరకాల వెర్షన్లు ఉన్నాయి. బేస్ పిన్ ఏదో మీ సెట్ స్కీమాటిక్‌లో చూసి, మీటర్‌తో నిర్ధారించుకున్నాకే టంకం పెట్టండి.

బోర్డును చిన్న రేకు డబ్బాలో మూయాలి. లోపలికి వచ్చే ప్రతి తీగా 1 నానోఫారడ్ ఫీడ్‌త్రూ గుండా రావాలి. 5 వోల్టులకు 7805 రెగ్యులేటర్ వాడండి. చిన్న స్విచింగ్ కన్వర్టర్లు చల్లగా ఉంటాయి, నిజమే, కానీ బ్యాండ్ నిండా గరగర పోస్తాయి. ప్రోగ్రామ్‌లో డిస్‌ప్లే అక్కర్లేదు. బ్యాండ్ ఎంచుకునే నాలుగు ఇన్‌పుట్‌లు, ఫ్రీక్వెన్సీల పట్టిక, అంతే. ఒకసారి ఫ్రీక్వెన్సీ పెట్టాక నానోను నిద్రపుచ్చితే దాని చప్పుడు కూడా పోతుంది.

రెఫరెన్స్ క్రిస్టల్ సవరణ మర్చిపోవద్దు. 20 పీపీఎం (పది లక్షలకు 20) తప్పు ఉంటే 35 మెగాహెర్ట్జ్ దగ్గర 700 హెర్ట్జ్ తేడా వస్తుంది, డయల్ ఆ మేరకు అబద్ధం చెబుతుంది. ముందు సెట్ క్యాలిబ్రేటర్‌నే సరిచేయండి. సెట్‌ను బ్యాండ్ స్విచ్ మీది డబ్ల్యూడబ్ల్యూవీ (అమెరికా టైమ్ సిగ్నల్ పేరు) స్థానంలో 10.0 మెగాహెర్ట్జ్‌కు పెడితే చైనా టైమ్ సిగ్నల్ బీపీఎం వినిపిస్తుంది, దానితో మార్కర్‌ను జీరో బీట్ చేయండి, అంటే రెండింటి తేడా ఈల సున్నా అయ్యేలా కలపండి. తర్వాత ఆ మార్కర్‌తో 28.0 దగ్గర ఎస్‌ఐ5351 సవరణ విలువను సర్దండి. సెట్ అరగంట వేడెక్కాకే ఇవన్నీ.

12 మీటర్లు: సులువు

మీ బ్యాండ్ స్విచ్‌లో 11 మీటర్ల స్థానం ఉంది, దాని క్రిస్టల్ 33.02, కవరేజ్ 27.0–27.5. మన హ్యామ్ లైసెన్స్‌కు అక్కడ పనిలేదు. మన దేశంలో 26.957–27.283 మెగాహెర్ట్జ్ 5 వాట్ల లోపు సిటిజన్ బ్యాండ్ సెట్లకు కేటాయించినది, ఇంత శక్తి ఉన్న వాల్వు సెట్‌తో అక్కడ ట్రాన్స్‌మిట్ చేయకూడదు. కాబట్టి ఆ క్రిస్టల్ తీసేస్తే నష్టం ఏమీ లేదు. ఆ చోట 30.52 పెట్టండి, 24.5–25.0 వస్తుంది. 12 మీటర్ల బ్యాండ్ 24.890–24.990 అందులోనే, డయల్ మీద 390 నుంచి 490 వరకు.

రిసీవ్‌లో ప్రీసెలెక్టర్ 24.9కి దిగుతుందో లేదో చూడాలి. దిగకపోతే ఆ స్థానంలో కొద్దిపాటి కెపాసిటెన్స్ కలపాలి. ఫైనల్ ట్యాంక్‌లో 28.5తో పోలిస్తే కెపాసిటెన్స్ 1.31 రెట్లు కావాలి, ప్లేట్ నాబ్‌లో అంత ఉంటుంది, ఎందుకంటే అదే కెపాసిటర్ కింది బ్యాండ్లకూ పనిచేస్తోంది.

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది, దీన్ని శ్రద్ధగా చదవండి. 10 మీటర్ల కాయిల్స్ 30.5 మెగాహెర్ట్జ్‌కు కూడా హాయిగా ట్యూన్ అవుతాయి. మీరు ఇప్పుడు పెట్టిన ఆసిలేటర్ సరిగ్గా 30.52. ట్రాన్స్‌మిట్‌లో ప్రీసెలెక్టర్‌ను తప్పు శిఖరానికి పెడితే 24.9 బదులు ఆసిలేటర్ సిగ్నలే డ్రైవర్ దాటి యాంటెన్నాకు పోతుంది. పవర్ మీటర్ లేస్తుంది, అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, పోయేది మాత్రం హ్యామ్ బ్యాండ్ బయట. కనిపెట్టడం సులభం. డమ్మీ లోడ్ (యాంటెన్నాకు బదులు పెట్టే రెసిస్టర్) మీద ట్యూన్ చేసి, క్యారియర్ కంట్రోల్‌ను సున్నాకు తగ్గించండి. అవుట్‌పుట్ సున్నాకు పడాలి. పడకుండా కొంత నిలిచిపోతే మీరు ఆసిలేటర్ మీద ఉన్నారు. రిసీవ్‌లో మార్కర్ మీద ప్రీసెలెక్టర్ శిఖరం ముందే గుర్తు పెట్టుకుని, ట్రాన్స్‌మిట్‌లో ఆ గుర్తు చుట్టూనే వెతకండి. డాంగిల్‌తో 24.9, 30.52 రెండూ ఒకేసారి తెరమీద చూడటం ఇంకా మంచిది.

30 మీటర్లు: వినడానికి ఇప్పటికే ఉంది

డబ్ల్యూడబ్ల్యూవీ స్థానం 16.02 క్రిస్టల్‌తో 10.0–10.5 వింటుంది, 10.100–10.150 అందులో ఉంది. కానీ ఆ స్థానం రిసీవ్‌కు మాత్రమే వైర్ చేశారు. ట్రాన్స్‌మిట్‌కు డ్రైవర్ కాయిల్, ట్యాంక్ ట్యాప్ కలపాలి. ప్రస్తుతానికి వినడంతో సరిపెట్టుకోండి అంటాను. బ్యాండ్ వెడల్పు 50 కిలోహెర్ట్జ్, అక్కడ ఫోన్ (మాటల ప్రసారం) ఉండదు, సీడబ్ల్యూ (మోర్స్), డిజిటల్ మాత్రమే. అందుకోసం వేఫర్ స్విచ్‌ను కోయడం నాకు ఇష్టం లేదు.

17 మీటర్లు: లెక్క వేసుకుని దిగండి

ఈ మూడు బ్యాండ్లూ హ్యామ్‌లకు వచ్చింది 1979 జెనీవా సమావేశంతో. ఎఫ్‌టీ-101ఈ అంతకు ముందు డిజైన్, అందుకే 18 మెగాహెర్ట్జ్‌కు కాయిల్సే లేవు. మామూలు లెక్క ప్రకారం క్రిస్టల్ 24.02. కానీ దాన్ని పెట్టకండి. కారణం చూడండి. 24.02తో వినే ఫ్రీక్వెన్సీ 27.20లోంచి వీఎఫ్‌ఓ తీసేస్తే వచ్చేది. వీఎఫ్‌ఓ 9.0667 దగ్గర ఉన్నప్పుడు అది 18.1333. అప్పుడే వీఎఫ్‌ఓ రెండో హార్మోనిక్ కూడా 18.1333. అంటే 18.068–18.168 బ్యాండ్ నడుమ, ఫోన్ వాళ్లుండే చోట, సెట్ తన ఈల తానే వింటుంది. కొంచెం పక్కకు జరిగితే ఈల గొంతు మారుతూ వెంట వస్తుంది.

ఎస్‌ఐ5351 ఉంటే తప్పించుకోవచ్చు. 24.08 పెట్టండి. కవరేజ్ 18.06–18.56 అవుతుంది, బ్యాండ్ కింది అంచు చేతిలోనే ఉంటుంది, ఈల మాత్రం 18.1733కి, అంటే బ్యాండ్ బయటికి, పోతుంది. డయల్ సున్నా అంటే 18.060 అని ఒక చీటీ అంటించుకోండి. ఆర్డర్ ఇచ్చి క్రిస్టల్ చేయించేవాళ్లు కూడా 24.02 కాక 24.08 అడగడం మేలు.

కాయిల్స్‌కు 15 మీటర్ల స్థానాన్ని వాడాలి. 21.2 నుంచి 18.1కి దిగాలంటే ట్యూన్డ్ సర్క్యూట్లో మొత్తం కెపాసిటెన్స్ 1.37 రెట్లు కావాలి. ఒక సర్క్యూట్లో మొత్తం 60 పికోఫారడ్ ఉందనుకుంటే 22 కలపాలి. రిసీవ్‌కే అయితే రిసీవర్ వైపు సర్క్యూట్లకు చాలు. ట్రాన్స్‌మిట్ కావాలంటే 12బీవై7ఏ డ్రైవర్ ప్లేట్ సర్క్యూట్‌కు కూడా కావాలి, అక్కడ 500 వోల్టులు తట్టుకునే సిల్వర్ మైకా వాడండి. వీటిని చిన్న రిలేలతో ఒకే స్విచ్ కింద కలిపి, అదే స్విచ్‌తో ఎస్‌ఐ5351ను 27.02 నుంచి 24.08కి మార్చాలి. రిలేలు కాయిల్స్‌కు రెండు సెంటీమీటర్ల లోపే ఉండాలి. పొడవాటి తీగలు వేస్తే డ్రైవర్ తనంతట తాను ఆసిలేట్ అవుతుంది. ఫైనల్ ట్యాంక్‌ను 15 మీటర్ల ట్యాప్ మీదే ప్లేట్ కెపాసిటర్ పెంచి ట్యూన్ చేయొచ్చు. క్యారియర్ సున్నా పరీక్ష ఇక్కడా తప్పనిసరి, ఈసారి వెతకాల్సింది 24.08 లీకేజీ. స్పెక్ట్రమ్ అనలైజర్ ఉన్న కాలేజీ ల్యాబ్‌లో తెలిసినవాళ్లుంటే డమ్మీ లోడ్ మీద అవుట్‌పుట్ ఒకసారి చూపించుకున్నాకే యాంటెన్నాకు కలపండి.

ఫైనల్స్ జాగ్రత్త

ఈ సెట్ ఫైనల్ వాల్వులు 6జేఎస్6సీలు టీవీ స్వీప్ వాల్వులు, కొత్తవి దొరకడం కష్టం. ఐడిల్ కరెంట్ 60 మిల్లీఆంపియర్లకు పెట్టి మొదలుపెట్టండి. రెజొనెన్స్ తప్పిన స్థితిలో కీ నొక్కి పది సెకన్లకు మించి ఉంచొద్దు. ప్లేట్ ఎర్రబడిందంటే వాల్వు ఆయుష్షు కరిగిపోతున్నట్టే. 10 మీటర్లలో ప్లేట్ కరెంట్ కనిష్ఠం, అవుట్‌పుట్ గరిష్ఠం ఒకే చోట రాకపోతే న్యూట్రలైజేషన్ (వాల్వు తనంతట తాను ఆసిలేట్ కాకుండా చేసే సర్దుబాటు) తప్పింది. మాన్యువల్ ప్రకారం 28.5–29.0 ప్రాంతంలో సరిచేయండి. అది సరిచేయకుండా అంచులకు వెళ్తే 10డీలో ఒక్కసారిగా కరెంట్ ఎగిరిపోయే ప్రమాదం ఉంది.

ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ 234 వోల్టుల మీద ఉందో లేదో చూడండి. పాత సెట్లు కొన్ని 220 మీద, ఇంకా దారుణంగా 117 మీద ఉండి వస్తాయి. రాత్రిపూట లోడ్ తగ్గాక కరెంట్ 245 దాకా పోయే కాలనీల్లో, మోటార్లు నడిచే వేళ 200కి పడిపోయే పల్లెల్లో సర్వో స్టెబిలైజర్ పెట్టడం వాల్వులకు మేలు, వీఎఫ్‌ఓ జారడం కూడా తగ్గుతుంది. మీది రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ (తక్కువ శక్తికే అనుమతించే) లైసెన్స్ అయితే ఈ సెట్ ఇవ్వగల శక్తి మీ అనుమతి కంటే ఎక్కువ. లైసెన్స్‌లో రాసిన పరిమితికి, రాసిన బ్యాండ్లకు లోబడి డ్రైవ్ తగ్గించుకోండి.

యాంటెన్నా

సెట్ కవరేజ్ వచ్చాక వైరు అడ్డం పడుతుంది. ఒకే ఫీడ్ పాయింట్ నుంచి మూడు జతల తీగలు విసనకర్ర లాగా కడితే చాలు: 17 మీటర్లకు మొత్తం పొడవు 7.89 మీటర్లు, 12కు 5.73, 10కి 4.96. ఒక్కోదానికి పదేసి సెంటీమీటర్లు అదనంగా కట్టి, తర్వాత కత్తిరించుకుంటూ రండి. పక్క తీగల ప్రభావం వల్ల పొట్టిదానికి సర్దుబాటు ఎక్కువ కావాలి. 10 మీటర్ల తీగను 28.85కు కడితే 28.0, 29.7 అంచుల్లో ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా ఎంత కుదరలేదో చెప్పే నిష్పత్తి) పెరిగినా పై-ట్యాంక్ కొంతవరకు సర్దుకుంటుంది. ఎక్కువ సీడబ్ల్యూ చేసేవాళ్లు కొంచెం పొడవుగా ఉంచుకోవచ్చు.

అన్నీ కలిపాక పరీక్షకు అంతర్జాతీయ బీకన్లు (తమంతట తాము ప్రసారం చేసే గుర్తు స్టేషన్లు) ఉన్నాయి: 18.110, 24.930, 28.200. ఒక్కో ఫ్రీక్వెన్సీ మీద 18 స్టేషన్లు పది సెకన్ల చొప్పున వంతుల మీద వస్తాయి, చుట్టు మూడు నిమిషాలు. వాటిలో మనకు దగ్గరిది శ్రీలంక 4ఎస్7బీ. అది ఆ రోజు ప్రసారంలో ఉంటే 10, 12 మీటర్లలో పగటిపూట మన దాకా రావచ్చు. 10సీ బాగుపడిందో లేదో తెలియాలంటే 29.4–29.5 మధ్య వినండి. 1974లో ఎగిరిన ఆస్కార్-7 హ్యామ్ ఉపగ్రహం మోడ్ ఏలో (10 మీటర్లలో కిందికి పంపే పద్ధతి) ఉన్నప్పుడు, దాని మీద ఎండ పడుతున్నంతసేపు, అక్కడే పలుకుతుంది.

ముందు స్విచ్ శుభ్రం చేసి, 10బీ క్రిస్టల్‌ను 10ఏ, 10డీ స్థానాల్లో పెట్టి చూసిన ఫలితం రాయండి. డాంగిల్ తెర మీద గీత వచ్చిందా లేదా అన్నది కూడా రాస్తే 34.02 క్రిస్టల్ బతికి ఉందో లేదో చెప్పగలను, ఎస్‌ఐ5351కు ఎన్ని ఫ్రీక్వెన్సీలు రాయాలో అప్పుడు తేలుతుంది.